రేటు పెరిగినంక

ప్రపంచ ఆర్థిక వ్యవస్థను న్యూయార్క్, ముంబై, షార్జా, కోరుట్లలో సాయవ్వ ఇల్లు కలిసి నడుపుతున్నాయి. మొదటి మూడింటికీ ఈ సంగతి ఇంకా తెలియదు.

సాయవ్వకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు హన్మండ్లుకు బస్టాండు వెనక మోటార్ వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటార్లకు రాగితీగ చుట్టి సంపాదించిన డబ్బును ఫోనులో షేర్ల మీద పెట్టాడు. చిన్నవాడు శ్రీహరి షార్జాలో ఏసీ మెకానిక్. అతని దగ్గర ఆరున్నర వేల దిర్హమ్‌లు ఉన్నాయి. ఖర్చుకు కాదు, దాచుకోవడానికీ కాదు. రేటు పెరగడానికి ఉన్నాయి.

ఈ అన్నదమ్ముల మధ్య రక్తసంబంధంతో పాటు ఇంకో సంబంధం కూడా ఉంది. అది విలోమ సంబంధం. విదేశీ మదుపరులకు ఏదో భయం పట్టుకుంటుంది. మన షేర్లు అమ్ముతారు. అమ్మగా వచ్చిన రూపాయల్ని డాలర్లుగా మార్చుకొని వెళ్లిపోతారు. అందరూ డాలరే కావాలంటే రూపాయి పడుతుంది. దిర్హమ్ ఎప్పుడూ డాలరు చెయ్యి పట్టుకొనే నడుస్తుంది కాబట్టి డాలరుతో పాటు అదీ ఎక్కుతుంది. అంటే ముంబైలో హన్మండ్లు షేరు పడితే, షార్జాలో శ్రీహరికి జీతం పెంచకుండానే కోరుట్లలో అతని జీతం పెరుగుతుంది. విదేశీయుల భయం తీరి వాళ్లు తిరిగొస్తే అంతా తలకిందులు.

కాబట్టి పొద్దున తొమ్మిదింబావుకు మార్కెట్ తెరవగానే సాయవ్వ కొడుకుల్లో ఒకడు నవ్వాలి, ఒకడు ఏడవాలి. మార్కెట్ ఎక్కితే పెద్దకొడుకు పేరు మీద కోడికూర. పడితే చిన్నకొడుకు పేరు మీద కోడికూర. ఎటూ కదలకపోతే పప్పు. (ఇద్దరూ ఒకే రోజు నవ్వడం ఏడాదిలో కొన్నిసార్లు జరుగుతుంది. అలాంటి రోజున ఇంట్లో ఎవరూ ఎవరినీ నమ్మరు.)

ఈ వ్యవస్థలో నష్టపోవడానికి వీల్లేని మనిషి ఒక్కతే ఉంది. శ్రీహరి భార్య సంగీత.

కనీసం ఆ సోమవారం పొద్దున ఆమె అలాగే అనుకుంది.

సంగీతకు బట్టల దుకాణం పెట్టాలని నాలుగేళ్లుగా కోరిక. పుట్టిల్లు సిరిసిల్ల. అక్కడి బట్ట తెచ్చి కోరుట్లలో అమ్మాలి. ఇంట్లోనే మంచం మీద పరిచి రెండేళ్లు అమ్మింది కూడా. ఇప్పుడు బస్టాండు రోడ్డులో ఒక అద్దె కొట్టు, అక్కడి మాటలో మడిగె, ఖాళీ అయింది. ముందు మూడు మెట్లు, లోపల రెండు గోడలకు కట్టిన అరలు, అద్దం పెట్టుకోవడానికి చోటు. ఆ మడిగె ముందు నుంచి నడిచిన ప్రతిసారీ సంగీత లోపల చీరలు సర్దుకుంటూ పోయేది.

మడిగె యజమాని నర్మద. పాత భూస్వాముల ఇంటి కోడలు. ఆ ఇంటికి పొలాలు తగ్గి మడిగెలు పెరిగాయి.

“సంగీతా, నీకే ఇయ్యాలని ఉన్నది,” అంది నర్మద. “కని సెల్‌ఫోన్ల షాపాయన గడప అరగదీస్తున్నడు. శుక్రవారం దీపం ముట్టిచ్చే యాళ్లకు లక్షన్నర అడ్వాన్స్ నా ఖాతాల పడాలె. లేకుంటె తాళంచెయ్యి ఆయనకిస్త. మల్ల నన్ను అనొద్దు.”

“శుక్రవారం దాక ఎందుకమ్మా? ఇంట్లనే రెండు దిక్కుల పైసలున్నయి. రేపే తెస్త.”

“ఇంట్ల ఉన్న పైసలకే ఎక్కువ రోజులు పడ్తది,” అంది నర్మద.

సంగీత ఆ మాట పట్టించుకోలేదు. ఆమె లెక్క పక్కాగా ఉంది. మార్కెట్ ఎక్కితే షేర్లు అమ్మి ఇస్తానని బావ హన్మండ్లు మాటిచ్చాడు. దిర్హమ్ ఎక్కితే పంపుతానని మొగుడు శ్రీహరి మాటిచ్చాడు. ఏదో ఒకటి ఎక్కక తప్పదు. ఏది ఎక్కినా మడిగె తనదే.

సోమవారం మార్కెట్ ఎక్కింది. సంగీత నేరుగా వైండింగ్ షాపుకు పోయింది. హన్మండ్లు ఒక చేత్తో రాగితీగ, ఇంకో చేత్తో ఫోను పట్టుకొని కూర్చున్నాడు.

“బావా, ఎక్కింది గదా. అమ్ముతున్నరా?”

హన్మండ్లు ఆమెను జాలిగా చూశాడు. “ఎక్కుతున్నప్పుడు ఎవడన్న అమ్ముతడా సంగీతా? బస్సు ఎత్తు ఎక్కుతుంటె దునుకుమంటవా?”

“మరి ఎప్పుడమ్ముతరు?”

“ఇంక జెర ఎక్కని.”

షార్జాకు ఫోను చేసింది. దిర్హమ్ ఇరవై నాలుగు రూపాయల ముప్పై ఒక్క పైసకు దిగిందట. శ్రీహరి గొంతు దిగులుగా ఉంది. “గిప్పుడు పంపుతె లాస్ గదనే. జెర ఓపిక పట్టు.”

మంగళవారం మార్కెట్ పడింది. దిర్హమ్ ఇరవై నాలుగు నలభై ఆరుకు ఎక్కింది. ఈసారి సంగీత షార్జాకే ముందు చేసింది.

“సూశినవా!” అన్నాడు శ్రీహరి, రేటును తానే పెంచినట్టు. “పదిహేను పైసలు లేశింది!”

“అయితె పంపు.”

“ఇంకో నాలుగు పైసలు పెరగని. ఇరవై నాలుగున్నర ముట్టంగనే కొడ్త.”

“గా నాలుగు పైసలకు ఎన్ని ఎక్కువొస్తయి?”

అవతల లెక్క వేశాడు. “రెండు వందల అరవై రూపాయలు.”

“గా రెండు వందల అరవైకి మడిగె పోతదయ్యా!”

“మడిగెలు మల్ల దొరుకుతయి. రేటు దొరుకుతదా?”

ఈ వాదనకు జవాబు చెప్పగల భార్య మా ఎరుకలో ఇంకా పుట్టలేదు. సంగీత ఫోను పెట్టేసి, షాపుకు బయలుదేరుతున్న బావ ముఖం చూసింది. “పడ్డంక అమ్మితె పడ్డట్టే గదా,” అన్నాడతను, అడగకముందే. “కోలుకోని.”

ఆర్థిక శాస్త్రంలో లేని ఒక సూత్రం సంగీతకు అప్పుడు అర్థమైంది. మార్కెట్ ఎక్కినా పడినా మారనిది ఒకటుంది. అది హన్మండ్లు, శ్రీహరిల జేబు.

సాయవ్వ చిక్కుళ్లు ఒలుస్తూ ఇదంతా విన్నది. “పిల్లా, జగిత్యాలల కొత్తాఫీసు పెట్టిన్రట. గీ షేర్లకు గా దిర్హమ్‌లకు నడుమ సర్దిచెప్పేదట. పొయ్యి కాయితం తే. మొగోళ్ల చెవుకు ఇంటి మాట ఎక్కది. ముద్ర ఎక్కుతది.”

అది మార్కెట్-మారక సమన్వయ కార్యాలయం. జిల్లాలో ప్రతి రెండో ఇంట్లో ఒకరు గల్ఫ్‌లోనూ, మిగిలినవాళ్లు షేర్లలోనూ ఉండటంతో, తొమ్మిదింబావుకు పళ్లాలు విసురుకోవడం ఎక్కువైందన్న నివేదిక మీద దీన్ని స్థాపించారు. కిటికీలోంచి పాత కోట బురుజు కనబడే రెండో అంతస్తు. గోడ మీద నియమావళి:

‘దరఖాస్తు రుసుము ఒక దిర్హమ్. ఆ పూట రేటు ప్రకారం రూపాయల్లో చెల్లించవలెను. సరిపడా చిల్లర తెచ్చుకొనవలెను.’

ఆ పూట రేటు ఇరవై నాలుగు రూపాయల నలభై ఆరు పైసలు. నలభై ఆరు పైసల చిల్లర దొరికే చోటు దేశంలో లేదు కాబట్టి, బల్ల దగ్గరి ఉద్యోగి పాతిక రూపాయలు తీసుకొని, మిగతా యాభై నాలుగు పైసలకు రసీదు ఇచ్చాడు. (వంద రసీదులు కూడబెట్టినవారు డబ్బు వాపసుకు దరఖాస్తు చేసుకోవచ్చు. దాని రుసుము రెండు దిర్హమ్‌లు.)

టోకెన్ నంబరు ముప్పై ఎనిమిది. సంగీత కూర్చొని పావుగంట అయ్యేసరికి అది నలభై మూడు అయింది.

“ఇదేంది, వెనుకకు పోతున్నది?” అని పక్కామెను అడిగింది.

పక్కనున్నది రూతమ్మ. మొగుడు దోహాలో తాపీమేస్త్రీ. ఈ ఆఫీసుకు ఆరోసారి రావడం. “టోకెన్లు గూడ మార్కెట్ లెక్కనే ఎక్కుతయి దిగుతయి చెల్లె. నిన్న నాకు ఆరో నంబరు అచ్చింది. లంచ్ లోపట డెబ్బై అయింది.”

“మరి ఎట్ల పిలుస్తరు?”

“మార్కెట్ బంద్ అయినంక ఎవలు కదలకుంట కూసుంటె వాళ్లను.”

మూడున్నరకు మార్కెట్ ముగిసింది. సంగీత కదలలేదు. పిలిచారు.

లోపల ఒకే గది. నడుమ ఇనుప బీరువా. బీరువాకు ఇటువైపు షేర్ల విభాగం, గుమస్తా రవీందర్. అటువైపు మారక విభాగం, గుమస్తా వసంత. ఇద్దరూ భార్యాభర్తలు. ఒకే డబ్బాలో తింటారు. కానీ నిబంధనల ప్రకారం ఒక విభాగం కాగితం ఇంకో విభాగం చూడకూడదు. చూడాల్సి వస్తే రిజిస్టర్డ్ పోస్టులో పంపుకోవాలి. (మధ్యాహ్నం పచ్చడి ముక్క బీరువా మీదుగా చేతులు మారడాన్ని ఆడిట్ వాళ్లు ఒకసారి అభ్యంతరపెట్టారు.)

రవీందర్ తన కాగితం ఇచ్చాడు. ‘ప్రజలను భయపెట్టరాదన్న నాలుగో నిబంధన మేరకు, ఈ వారం మార్కెట్ ఎక్కునని ఇందుమూలంగా తెలియజేయడమైనది.’ గుండ్రటి ముద్ర.

వసంత తన కాగితం ఇచ్చింది. ‘ప్రజలను నిరుత్సాహపరచరాదన్న నాలుగో నిబంధన మేరకు, ఈ వారం దిర్హమ్ ఎక్కునని ఇందుమూలంగా తెలియజేయడమైనది.’ అదే ముద్ర.

సంగీత రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకొని సమన్వయ అధికారి కరుణాకర్ రావు ముందు నిలబడింది.

“సార్, మార్కెట్ ఎక్కితె దిర్హమ్ దిగుతది గదా. రెండు ఎట్ల ఎక్కుతయి?”

కరుణాకర్ రావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “నువ్వు రెండు కాయితాలు ఒక్కతాన పెట్టి సదివినవా అమ్మా?”

“సదివిన సార్.”

“గదే తప్పు. ఒకటి సదివినంక ఇంకోటి సదవాలె. ఒక్కసారే సదవొద్దు.”

“మీరన్న రెండు విభాగాలను కూసోవెట్టి ఒక్క మాట చెప్పియ్యరాదా?”

“వాళ్లిద్దరు ఒక్క మాట చెప్తే సమన్వయం అయిపోయినట్టే. సమన్వయం అయిపోతె ఆఫీసు ఎత్తేస్తరు. పద్దెనిమిది మందిమి ఉన్నం. మమ్ముల ఎక్కడికి పొమ్మంటవు?”

సంగీత తిరుగు బస్సు కోసం నిలబడి రెండు కాగితాలకూ ఫొటోలు తీసింది. మార్కెట్ ఎక్కుతుందన్నది బావకు పంపింది. దిర్హమ్ ఎక్కుతుందన్నది మొగుడికి పంపింది. ఎవరి శుభవార్త వాళ్లకు చేరితే సంతోషం వేసి, ఆ సంతోషంలో చెయ్యి జేబులోకి పోతుందని ఆమె ఆశ.

బస్సు మెట్టు ఎక్కేలోపు రెండు జవాబులూ వచ్చాయి.

“చెప్పలేదా నేను!” అని హన్మండ్లు. “సర్కారే అంటున్నది. ఇంకో పదివేలకు ఆర్డర్ పెట్టిన.”

“ఇరవై నాలుగున్నర కాదే,” అని శ్రీహరి. “సీదా ఇరవై అయిదుకే పంపుత.”

ఆ శుభవార్తల ఖరీదు లక్షన్నర అయింది.

బుధవారం సంగీత సిరిసిల్ల పోయింది. బట్టల సేట్ ఆమె కోసం నలభై చీరల కట్టలు పక్కకు పెట్టాడు. శనివారం దాకా ఆపమని బతిమాలుకోవడానికి పోయింది. సేట్ సరేనన్నాడు, ముఖం చిట్లించి. అక్కడినుంచి తల్లి ఐలవ్వ దగ్గరికి. ఐలవ్వ మరమగ్గాల షెడ్డులో నూలు కండెలు చుడుతుంది. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. సాంచెలు నడుస్తుంటే మాట్లాడాలంటే అరవాలి. ఆ ఊళ్లో రహస్యాలు కూడా అరిచే చెప్పుకుంటారు.

“ఇద్దరి తాన పైసలున్నయి అవ్వా!” అని అరిచింది సంగీత. “ఇద్దరికి మంచి మాటే చెప్పిన! ఒక్కడు గూడ తియ్యలే!”

ఐలవ్వ కండె ఆపలేదు. “మంచి మాట ఎందుకు చెప్పినవే?”

“మరి ఏం చెప్పాలె?”

“మా సేట్‌ను ముప్పై ఏండ్ల సంది సూస్తున్న. ‘సేట్, నీకు లాభమొస్తదట’ అంటె తిజోరికి ఇంకో తాళమేస్తడు. ‘సేట్, పక్క గల్లి సేట్‌కు లాభమొస్తదట’ అన్నమనుకో... అప్పటికప్పుడు లేశి ఉరుకుతడు. ఉన్న సరుకంత అమ్ముకుంటడు. గా దినమే మేం కూలి అడుగుతం.”

సంగీత కండెల కుప్ప మీద చతికిలబడింది. చేతిసంచీలోంచి రెండు కాగితాలు తీసింది. ఈసారి కరుణాకర్ రావు చెప్పినట్టే, ఒకటి చదివినంక ఇంకోటి చదివింది.

తప్పు కాగితాల్లో లేదు. చిరునామాల్లో ఉంది.

సిరిసిల్లలో తిరుగు బస్సు ఇంకా బయలుదేరకముందే హన్మండ్లుకు మారక విభాగం కాగితం పోయింది. కింద సంగీత ఒక్క అబద్ధం కూడా రాయలేదు. ‘బావా, దిర్హమ్ ఎక్కుతదని సర్కారు కాయితం ఇచ్చింది. మా ఆయన మస్తు ఖుషీగున్నడు. ఇరవై అయిదు ముట్టుతదంటున్నడు.’

శ్రీహరికి షేర్ల విభాగం కాగితం పోయింది. ‘మార్కెట్ ఎక్కుతదని బావకు సర్కారు కాయితం అచ్చింది. ఇంకో పదివేలు పెట్టిండు. మస్తు ధైర్యంగున్నడు.’

తన మేలు గురించి సర్కారు చెప్పిన మాటను మనిషి సగమే నమ్ముతాడు. తోడబుట్టినవాడి మేలు గురించి చెబితే పూర్తిగా నమ్ముతాడు. హన్మండ్లు ఆ కాగితాన్ని రెండు వేళ్లతో పెద్దది చేసి ముద్రను చూశాడట. దిర్హమ్ ఎక్కుతుందంటే రూపాయి పడుతుంది. రూపాయి పడుతుందంటే విదేశీయులు పోతున్నారు. విదేశీయులు పోతున్నారంటే తన షేర్లు మునుగుతున్నాయి. షార్జాలో శ్రీహరి అదే మెట్లను కిందినుంచి ఎక్కాడు. మార్కెట్ ఎక్కుతుందంటే విదేశీయులు వస్తున్నారు, రూపాయి లేస్తుంది, దిర్హమ్ దిగుతుంది.

గురువారం తొమ్మిదింబావుకు హన్మండ్లు షాపు షట్టరు సగం దించి, లక్షా ఎనభై వేల రూపాయల షేర్లు ఒక్క ఊపులో అమ్మేశాడు. అదే గంటలో శ్రీహరి ఆరున్నర వేల దిర్హమ్‌లు ఇరవై నాలుగు నలభై నాలుగుకు పంపేశాడు.

“పంపిన!” అన్నాడు ఫోనులో ఆయాసపడుతూ. “పడకముందే తప్పించుకున్న!”

“మంచి పని చేసినవు,” అంది సంగీత.

అంతా అయిపోయినట్టే. కానీ అమ్మిన షేర్ల డబ్బు ఖాతాలోకి రావడానికి ఒక రోజు పడుతుంది. షార్జా డబ్బు యాప్‌లో ‘పరిశీలనలో ఉంది’ అని కూర్చుంది. ఎవరు పరిశీలిస్తున్నారో, ఏం పరిశీలిస్తున్నారో అందులో రాయలేదు. ఇక శుక్రవారం మార్కెట్ చేసిన పని ఎవరూ ఊహించలేదు.

మార్కెట్ ఎక్కింది. దిర్హమ్ కూడా ఎక్కింది, ఇరవై నాలుగు యాభై ఒకటికి.

విదేశీయులు షేర్లు అమ్ముకుంటూనే పోయారు, కానీ వాళ్లు అమ్మినదంతా మన ఊళ్ల హన్మండ్లులు నెలనెలా వేసే డబ్బుతో కొనేశారు. అందుకే షేర్లు పడలేదు సరికదా ఎక్కాయి, రూపాయి మాత్రం పడింది. ఇలాంటిది జరుగుతుందని పుస్తకాల్లో ఉంది. సాయవ్వ ఇంట్లో లేదు.

మూడున్నరకు హన్మండ్లు ఇంట్లోకి ఉరికొచ్చాడు. “సంగీతా, నాలుగు వేలు పోయినయి! అమ్మకుంటె నాలుగు వేలు అచ్చేటియి! పైసలు ఖాతాల పడంగనే మల్ల కొంట. సోమవారం కొంట. నువ్వు వేరే తాన సూసుకో.”

అదే నిమిషంలో షార్జా నుంచి ఫోను. “నాలుగు వందల యాభై అయిదు రూపాయలు మునిగిన! పైసలు ఇంక పరిశీలనల్నే ఉన్నయి గదా? కస్టమర్ కేర్‌కు కొట్టి క్యాన్సిల్ చేపిస్త!”

మూడు మెట్లు, రెండు గోడల అరలు, అద్దం పెట్టుకునే చోటు. బయట ఎండ మెల్లగా వాలుతోంది. నర్మద ఇంట్లో దీపం ఆరుగంటలకు.

సాయవ్వ లేచింది. కొంగు నడుముకు చుట్టింది. “హన్మండ్లూ, గా ఫోను ఇటు తే.”

“ఎందుకే అవ్వా?”

“నాలుగు వేలు పోయినయన్నవు. ఎక్కడ పోయినయో సూస్త.”

ఇచ్చాడు. (యాభై ఏళ్ల మనిషైనా తల్లి చెయ్యి చాపితే ఫోను ఇవ్వాల్సిందే. ఇది ఏ విభాగం నిబంధన కిందికి వస్తుందో తెలియదు.) సాయవ్వ ఫోనును రవికెలో దోపుకొని గడప దాటింది. “సంగీతా, నడువు. నువ్వు గూడ రారా. గా లోపలి నంబర్లు నాకు రావు.”

ముగ్గురూ నర్మద వాకిట్లోకి వచ్చేసరికి ఐదూ నలభై. సెల్‌ఫోన్ల షాపు యజమాని అప్పటికే కుర్చీలో కూర్చొని, నోట్ల కట్ట మీద చెయ్యి పెట్టుకొని ఉన్నాడు. నర్మద దీపం కుందిలో నూనె పోస్తోంది.

“ఇంకో ఇరవై నిమిషాలే సంగీతా,” అంది తలెత్తకుండా.

“అవ్వా, ఇది నాయం కాదు,” అన్నాడు హన్మండ్లు గుసగుసగా. “సోమవారం మార్కెట్ ఇంక లేస్తది.”

“లేవని. మనం గూడ లేద్దాం. ముందు పొల్లకు మడిగె ఇప్పిద్దాం. లేకుంటె రేపటి సంది నీకు కోడికూర లేదు, పప్పు లేదు.”

ఐదూ యాభైకి షార్జా నుంచి ఇంకో ఫోను. శ్రీహరి గొంతు నీరసంగా ఉంది. “రెండు గంటల సంది ఇంకో ఫోన్ల లైన్ల ఉన్న. ‘మీ కాల్ మాకు ముఖ్యం, ఆగండి’ అనుకుంట పాట పెట్టిండ్రు.”

“ఆగు మరి,” అంది సంగీత.

అతను ఆగాడు. జీవితంలో మొదటిసారి ఆగడం అతనికి నష్టం తెచ్చింది. ఐదూ యాభై మూడుకు సంగీత ఫోను మోగింది. లక్షా యాభై ఎనిమిది వేల ఎనిమిది వందల అరవై రూపాయలు జమ.

సంగీత వెంటనే లక్షన్నర కొట్టింది. ఫోను ఒప్పుకోలేదు. రోజుకు లక్షకు మించి పంపరాదట. ఐదూ యాభై ఆరు. లక్ష పంపింది. ఇంకా యాభై వేలు. ఐదూ యాభై ఏడు. సెల్‌ఫోన్ల యజమాని నోట్ల కట్ట మీదినుంచి చెయ్యి తీశాడు. నర్మద అగ్గిపుల్ల తీసింది.

“బావా...” అంది సంగీత.

సాయవ్వ రవికెలోని ఫోను కూడా అప్పుడే మోగింది. ఆమె బయటకు తీసి కొడుకు ముఖం ముందు పెట్టింది. హన్మండ్లు ఆ తెర మీద తన లక్షా ఎనభై వేలను చూశాడు, కన్నతల్లిని చూశాడు. ఏది ఎక్కువ ఎక్కుతుందో తూచుకున్నాడు. నాలుగు అంకెలు నొక్కాడు.

యాభై వేలు పోయాయి. నర్మద ఫోను చప్పుడు చేసింది. అగ్గిపుల్ల గీసింది.

“తాళంచెయ్యి పొద్దుగాల తీస్కపో,” అంది దీపం ముట్టిస్తూ.

ఆ వారం మార్కెట్ ఎక్కింది, దిర్హమ్ కూడా ఎక్కింది. అంటే జగిత్యాల కార్యాలయంలో రెండు విభాగాలు చెప్పిందీ నిజమైంది. దేశంలో ఇలాంటి ఘనత ఇంకే ఆఫీసుకూ లేదని రవీందర్‌కు, వసంతకు చెరో ప్రశంసాపత్రం ఇచ్చారు. వాళ్లిద్దరూ ఒకరి పత్రం ఒకరు చూసుకోలేదు. కరుణాకర్ రావు నడిపే కార్యాలయం గడువును ఇంకో ఐదేళ్లు పొడిగించారు. నడుమ ఇంకో బీరువా మంజూరైంది.

దుకాణం తెరిచారు. సిరిసిల్ల నుంచి నలభై కట్టలు వచ్చాయి. మొదటి రోజే మెట్ల మీద చెప్పులు పట్టలేదు. సంగీతకు ఊపిరాడలేదు. ఆడవాళ్లు చీరలు విప్పారు, భుజాన వేసుకున్నారు, అద్దంలో చూసుకున్నారు, అంచులు నలిపారు, ధర అడిగారు. తగ్గించమన్నారు. సంగీత తగ్గించింది. అప్పుడు ఒకామె అంది:

“గీ ఆకుపచ్చది పక్కకు పెట్టు అక్కా. రేటు పెరిగినంక మా ఆయన పంపుతడు. అప్పుడు తీస్కపోత.”

తర్వాతి ఆమె అదే అంది. ఆ తర్వాతి ఆమె కూడా. పక్కకు పెట్టమన్న చీర ఇంకొకరికి చూపిస్తే మర్యాద కాదు. సంగీత ఒక్కోదానికి పేరు రాసి చీటీ పెట్టింది. మొదటి వారంలో ఎడమ గోడ అరలు నిండాయి. రెండో వారంలో కుడి గోడ. నెల తిరిగేసరికి దుకాణంలో చీటీ లేని చీర ఒక్కటి లేదు, అమ్ముడుపోయిన చీర కూడా ఒక్కటి లేదు. కొత్తవాళ్లు వస్తూనే ఉన్నారు. చూపడానికి ఏమీ లేక వాళ్లకు కూర్చోవడానికి చాపలు వేసింది. తొమ్మిదింబావుకు అందరూ కలిసి రేటు చూసుకుంటున్నారు.

శ్రీహరి ఫోను చేశాడు.

“నా నాలుగు వందల యాభై అయిదు రూపాయలు ముంచి షాపు పెట్టినవు. గిరాకి ఎట్లున్నది?”

సంగీత అరల వైపు చూసింది. చాపల వైపు చూసింది. చాపల మీది గల్ఫ్ వాళ్ల పెండ్లాలు తమ తమ ఫోన్లలోంచి తలలెత్తి ఆమెనే చూశారు.

“నీ రూముల ఎంతమంది ఉంటరు?” అని అడిగింది.

“నాతోటి ఎనిమిది మంది. అందరు మన మండలపోళ్లే. ఎందుకు?”

“గిరాకి మస్తున్నది,” అంది సంగీత. “బేరం మీ రూముల ఆగింది.”